కేబుల్ బాగానే ఉంది.. మరి ఈథర్నెట్ లింక్ ఎందుకు పోతోంది?

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకు అదే చివరి రోజు. చెన్నూరులో మా బాబాయ్ వాళ్లింట్లో తమ్ముడు కాలేజీల లిస్ట్ చూసుకుంటూ ఒక్కో ఆప్షన్ పెడుతున్నాడు. సేవ్ కొట్టే టైమ్‌కి ల్యాప్‌టాప్‌లో ‘నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్’ అని మెసేజ్! కాసేపటికి నెట్ వస్తోంది, మళ్లీ పోతోంది.

“అన్నా, నేను వైరు ముట్టనే లేదు” అన్నాడు వాడు. “కొత్త వైరు తెస్త, ఆగుండ్రి” అని బాబాయ్ లేచాడు. ముందు ఫోన్ హాట్‌స్పాట్‌తో ఆప్షన్లు సేవ్ చేయించి, తర్వాత అసలు సంగతి చూశా.

లింక్ ఎలా తెలుస్తుంది?

కేబుల్ పెట్టగానే రెండు వైపులా ఉన్న చిప్‌లు చిన్న చిన్న పల్స్‌లు పంపుకుని స్పీడ్ ఖాయం చేసుకుంటాయి. దీన్నే ఆటో నెగోషియేషన్ అంటారు. లింక్ ఉందా లేదా అన్నది చిప్ నుంచి తెలుసుకుని విండోస్‌కి చెప్పేది డ్రైవర్. చిప్‌ని పవర్ సేవింగ్‌లోకి పంపేదీ అదే. అక్కడ తేడా వస్తే కేబుల్ ఉన్నా లేనట్టే.

తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

1. రూటర్ పోర్ట్ లైట్ చూడండి. లైట్ వెలుగుతున్నా విండోస్ ‘అన్‌ప్లగ్డ్’ అంటే అనుమానం డ్రైవర్ మీదే. లైట్ కూడా ఆరితే కేబుల్, పోర్ట్, పవర్ సేవింగ్.. ఏదైనా కావచ్చు.
2. అదే కేబుల్, అదే పోర్ట్‌కి ఇంకో ల్యాప్‌టాప్ పెట్టండి.
3. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేయండి. అందులో లింక్ నిలబడితే హార్డ్‌వేర్ దాదాపు ఓకే.
4. స్పీడ్ 1 జీబీపీఎస్ నుంచి 100 ఎంబీపీఎస్‌కి పడిపోతే కేబుల్ చూడండి. గిగాబిట్‌కి 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు.

మా దగ్గర లైట్ కూడా ఆరిపోయింది. కానీ ఇంకో ల్యాప్‌టాప్‌లో, లినక్స్‌లో సమస్యే లేదు. పైగా వీడియో డౌన్‌లోడ్ అవుతుంటే లింక్ పోలేదు, ఖాళీగా ఉంటేనే పోయింది. అంటే పవర్ సేవింగే!

ఏం మార్చానంటే..

డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్’, ‘గ్రీన్ ఈథర్నెట్’ డిసేబుల్ చేశా. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం డివైస్‌ని ఆపే టిక్ తీసేశా. ఈ పేర్లు డ్రైవర్‌ని బట్టి కొద్దిగా మారతాయి. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ ట్రై చేయండి. లేదంటే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి సరైన డ్రైవర్ వేసుకోండి.

స్పీడ్‌ని మాత్రం చేత్తో 100 ఫుల్ డూప్లెక్స్‌కి ఫిక్స్ చేయకండి. రూటర్ ఆటోలోనే ఉంటే అది హాఫ్ డూప్లెక్స్‌కి దిగి, నెట్ ఇంకా నత్తనడక నడుస్తుంది.

సాయంత్రం దాకా లింక్ ఒక్కసారి కూడా పోలేదు. తమ్ముడు ఆప్షన్లన్నీ ఇంకోసారి సరిచూసుకుని ఫ్రీజ్ చేశాడు. బాబాయ్‌కి వైరు ఖర్చు మిగిలింది.