గుత్తేదారుని పూచీ: రంగుల పని, బీమా పత్రం, వాటి పరిభాష

వ్యాససంగ్రహం: భవనాలకు రంగులు వేయించే గుత్తేదారుడు తన పనివారికి, పని చేయించుకునేవారికి, ఇరుగుపొరుగువారికి చట్టరీత్యా ఏ మేరకు బాధ్యుడో, ఆ బాధ్యతలో ఎంత భాగాన్ని బీమా మోయగలదో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదిమంది లోపు పనివారితో పనిచేసే చిన్న గుత్తేదారులు ఇందులో ప్రధానాంశం.

కీలకపదాలు: గుత్త, పూచీ, బీమా, నష్టపరిహారం, పరంజా, వృత్తిరోగం

1. ఉపోద్ఘాతం

వెల్ల వేయడం ఒకప్పుడు ఇంటివారి పని. పండుగకో పెళ్ళికో సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, ఈత కుంచెతో గోడలకు పూసేవారు. అంతస్తులు పెరిగి, సున్నం స్థానంలో లప్పం, ప్రైమర్, ఎమల్షన్, ఎనామిల్ వచ్చిన తరువాత అది ప్రత్యేక వృత్తి అయింది. ఆ వృత్తికి నాయకుడు మేస్త్రి. పోర్చుగీసు నుంచి వచ్చిన ఈ మాటకు పనితనంలో పెద్ద అని అర్థం. అదే మనిషి చదరపు అడుగు లెక్కన పని ఒప్పుకొని, కూలీలను పెట్టుకొని, వారికి రోజుకూలి ఇచ్చిన క్షణం నుంచి చట్టం దృష్టిలో యజమాని అవుతాడు. తానూ నిచ్చెన ఎక్కి కుంచె పట్టే మనిషి కనుక ఈ మార్పును అతడు గమనించడు. ప్రమాదం జరిగిన రోజునే అది అతనికి తెలిసివస్తుంది.

‘బీమా’ ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన మాట. ‘ధీమా’తో దానికి ప్రాస కుదరడం ప్రకటనకర్తలకు వరమైంది గాని, అర్థానికి మేలు చేయలేదు. బీమా పత్రం ఒక ఒప్పందం. అందులో రాసిన నష్టానికి, రాసిన షరతుల మీద, రాసిన మొత్తం వరకే సంస్థ చెల్లిస్తుంది. పైగా 1938 నాటి బీమా చట్టం 64విబి సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందితే తప్ప సంస్థ పూచీ మొదలుకాదు. ‘బిల్లు రాగానే కడతాను’ అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

2. పని వలన, పనియందు

పనివారి ప్రమాదాలకు మూలమైనది 1923 నాటి చట్టం. మొదట ‘వర్క్‌మెన్’ నష్టపరిహార చట్టంగా ఉన్న దీని పేరు 2009 సవరణతో ఉద్యోగుల నష్టపరిహార చట్టమైంది. సామాజిక భద్రతా స్మృతి–2020 దీన్ని తనలో కలుపుకొని 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. మూలసూత్రాలు కొనసాగాయి. ఈ వ్యాసంలో పేర్కొనే సెక్షన్లు 1923 చట్టానివి.

ఈ చట్టం యజమాని తప్పు చేశాడా అని అడగదు. ప్రమాదం ఉద్యోగం వలన, ఉద్యోగ సమయంలో జరిగిందా అని మాత్రమే అడుగుతుంది. మూడవ సెక్షనులోని ఈ జంట షరతును తెలుగు వ్యాకరణం చక్కగా విడదీసి చూపగలదు. ‘పని వలన’ అన్నది పంచమి, కారణాన్ని చెబుతుంది. ‘పనియందు’ అన్నది సప్తమి, స్థలకాలాలను చెబుతుంది. పరంజా కర్ర విరిగి పడినవాడికి రెండు విభక్తులూ వర్తిస్తాయి. పరంజా మీద నిలబడి ఉండగా గుండె ఆగిన వాడికి సప్తమి నిస్సందేహంగా వర్తిస్తుంది, పంచమిని నిరూపించాలి. కమిషనర్ ఎదుట జరిగే వాదనల్లో చాలా భాగం ఈ పంచమి చుట్టూనే తిరుగుతుంది.

‘తాగి ఎక్కాడు, నడుముకు తాడు కట్టుకోమన్నా వినలేదు’ అన్నది గుత్తేదారుల నోట తరచు వినిపించే సమాధానం. మత్తు, భద్రతా నియమాల ఉద్దేశపూర్వక ఉల్లంఘన అన్నవి చిన్న గాయాల విషయంలో యజమానికి రక్షణ ఇస్తాయి. మరణం గాని, శాశ్వత సంపూర్ణ వైకల్యం గాని సంభవిస్తే ఆ రక్షణ లేదు. అంటే యజమాని ఏ సందర్భంలో దానిని అత్యంత గట్టిగా వినిపిస్తాడో, సరిగ్గా అక్కడే ఆ వాదం చెల్లదు.

పరిహారాన్ని లెక్కించే పద్ధతి సరళమైనది. మరణమైతే నెల వేతనంలో 50 శాతాన్ని, శాశ్వత సంపూర్ణ వైకల్యమైతే 60 శాతాన్ని, వయస్సును బట్టి పట్టికలో ఇచ్చిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకొనే నెల వేతనానికి 2020 జనవరి 3 నుంచి 15,000 రూపాయలు పరిమితి. రోజుకు 800 చొప్పున నెలకు 26 రోజులు పనిచేసే పెయింటరు 20,800 సంపాదించినా లెక్కకు వచ్చేది 15,000 మాత్రమే. అతనికి 30 ఏళ్ళు అనుకుంటే గుణకం 207.98. మరణ పరిహారం 7,500 × 207.98 = 15,59,850 రూపాయలు. 40 ఏళ్ళవాడైతే గుణకం 184.17, పరిహారం 13,81,275. రెండు పడకగదుల ఇంటికి రంగులు వేసి చిన్న గుత్తేదారుడు మిగుల్చుకునే లాభం పక్కన ఈ అంకెను ఉంచి చూస్తే బీమా ఎందుకో వేరే వాదన అక్కరలేదు.

ఆలస్యానికి వేరే మూల్యం ఉంది. చెల్లించవలసిన నాటినుంచి నెలలోగా చెల్లించకపోతే ఏటా 12 శాతం వడ్డీ పడుతుంది. ఆలస్యానికి తగిన కారణం లేదని తేలితే పరిహారంలో సగం వరకు జరిమానా కూడా పడవచ్చు. వడ్డీని బీమా సంస్థ మోయాలనీ, జరిమానా మాత్రం యజమాని సొంత తప్పుకు ఫలితం కనుక అతడే మోయాలనీ సుప్రీంకోర్టు 1997లో మోటారు వాహన బీమాకు సంబంధించిన ఒక తీర్పులో తేల్చింది. ఇతర పాలసీల్లో వడ్డీని కూడా మినహాయించే షరతు ఉండవచ్చు. అది చదివి తెలుసుకోవలసినదే.

పనివారి పరిహార పాలసీలో ప్రీమియాన్ని సాధారణంగా పేర్ల మీద కాక, పని రకం, మనుషుల సంఖ్య, ఏడాది కూలి మొత్తం మీద నిర్ణయిస్తారు. రోజుకొక కూలీ మారే ఈ వృత్తికి ఇది అనుకూలమే. చిక్కంతా ప్రకటించిన సంఖ్యలో ఉంది. నలుగురని రాసి తొమ్మిదిమందిని పరంజా ఎక్కించిన గుత్తేదారునికి సంస్థ పెట్టే మొదటి అభ్యంతరం అదే. తాను మరొక మేస్త్రికి పంచి ఇచ్చిన పనిలోని కూలీలను పాలసీలో ప్రత్యేకంగా చేర్చుకోవాలి. ఎత్తుకు సంబంధించిన షరతులు ఉన్నాయేమో కూడా చూడాలి. కూలీల చిట్టా రాయడం చాలామందికి చాదస్తంగా తోస్తుంది గాని, కూలి ఎంత, ఎందరు అన్న ప్రశ్నకు అంతకు మించిన సాక్ష్యం లేదు.

3. రాజీ సొమ్ము

ప్రమాదంలో మనిషి పోతే పెద్దమనుషులు కూర్చొని ఒక మొత్తానికి ఒప్పించడం, కుటుంబం చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం తెలుగునాట పరిచితమైన ఆచారం. ఆ సొమ్మును ‘పరిహారం’ అనరు, ‘సాయం’ అంటారు. పేరులోనే హక్కు దయగా మారిపోతుంది. చట్టం ఈ మార్పును అంగీకరించదు. ఎనిమిదవ సెక్షను ప్రకారం మరణ పరిహారాన్ని కమిషనర్ వద్ద జమ చేయాలి. నేరుగా కుటుంబం చేతికి ఇచ్చిన డబ్బును పరిహారపు చెల్లింపుగా పరిగణించరు. ఆశ్రితులకు మూడు నెలల వేతనానికి మించకుండా ఇచ్చే ముందస్తు సొమ్ముకు మాత్రమే మినహాయింపు. హక్కు వదులుకున్నట్లు రాయించుకున్న ఒప్పందం 17వ సెక్షను కింద చెల్లదు. రాజీ చేసుకున్న గుత్తేదారుడు రెండవసారి చెల్లించవలసి రావచ్చు. తనకు చెప్పకుండా బాధ్యతను ఒప్పుకున్నాడని బీమా సంస్థ కూడా అభ్యంతరం చెప్పే వీలుంది. ఈ ఆచారం ఇరుపక్షాలకూ నష్టమే చేస్తున్నా కొనసాగడానికి ఒక కారణం, పాలసీ పత్రాల భాష మేస్త్రికి అందుబాటులో లేకపోవడం.

పని ఇచ్చినవాని బాధ్యత ఎంత? తన వ్యాపారంలో భాగంగా పనిని గుత్తకు ఇచ్చినవాడు ఆ గుత్తేదారుని కూలీలకు కూడా పరిహారం చెల్లించాలని 12వ సెక్షను అంటుంది. తరువాత అతడు దానిని గుత్తేదారుని నుంచి రాబట్టుకోవచ్చు. ఈ నియమం అపార్టుమెంట్లు కట్టి అమ్మే బిల్డరుకు వర్తిస్తుంది. కాని తన ఇంటికి తాను రంగులు వేయించుకునే ఉపాధ్యాయునికో రైతుకో వర్తించదు, ఎందుకంటే అది అతని వ్యాపారం కాదు. చిన్న మేస్త్రీలు ఎక్కువగా చేసేది ఇటువంటి సొంత ఇళ్ళ పనులే. అక్కడ పనివాని కుటుంబానికి ఆధారం గుత్తేదారు ఒక్కడే. అతని వద్ద బీమా లేకపోతే గెలిచిన తీర్పు కూడా కాగితంగానే మిగులుతుంది.

4. ఆరు నెలల గడప

పెయింటరుకు ఎత్తు నుంచి పడడం ఒక్కటే అపాయం కాదు. పాత ఎనామిల్ పొరలను గీకినప్పుడు లేచే ధూళిలో సీసం ఉండవచ్చు. ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసాన్ని పదిలక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేస్తూ 2016లో నిబంధనలు వచ్చాయి. అవి 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. అంతకు ముందు పూసిన పొరలు తలుపులకు, కిటికీ ఊచలకు ఇంకా అంటిపెట్టుకొనే ఉన్నాయి.

సీసం వల్ల కలిగే రోగాలను చట్టం మూడవ అనుబంధంలోని ‘బి’ భాగంలో వృత్తిరోగాలుగా గుర్తించింది. అయితే ఈ భాగంలోని రోగానికి పరిహారం కోరాలంటే ఒకే యజమాని వద్ద ఆరు నెలలకు తక్కువ కాకుండా ఎడతెగక పనిచేసి ఉండాలి. కార్ఖానా కార్మికుని మనసులో పెట్టుకొని రాసిన షరతు ఇది. ఒక పండుగకు ఒక మేస్త్రి వద్ద, మరో పండుగకు మరో మేస్త్రి వద్ద పనిచేసే పెయింటరు ఇరవై ఏళ్ళు రంగుల మధ్య గడిపినా ఈ గడప దాటలేకపోవచ్చు. వృత్తిరోగాలను పాలసీలో అదనపు అంశంగా చేర్చుకోవచ్చు. చట్టబాధ్యతే ఏర్పడని చోట ఆ చేర్పు వల్ల ఒరిగేది తక్కువ. ఈ వృత్తి విషయంలో చట్టంలోని పెద్ద లోపం ఇదేనని చెప్పవలసి ఉంటుంది.

5. గోడ ఎవరిది?

పక్కింటివారి కారు మీద రంగు తుంపరలు పడడం, పరంజా కర్ర జారి దారిన పోయేవాని తలకు తగలడం, టిన్నరు అంటుకొని ఇంటి సామాను కాలడం ఇతరులకు కలిగే నష్టాలు. వీటికి ఇతరుల పట్ల బాధ్యతకు సంబంధించిన పాలసీ వేరే తీసుకోవాలి. 1991 నాటి ప్రజాబాధ్యత బీమా చట్టంతో దీన్ని కలపకూడదు. భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన ఆ చట్టం ప్రమాదకర పదార్థాలను నిర్ణీత పరిమాణానికి మించి నిర్వహించే సంస్థలకు ఉద్దేశించినది. పేరు ఒకటే కావడం వల్ల పొరపాటు పడేవారున్నారు.

ఇటువంటి పాలసీల్లో సాధారణంగా రెండు మినహాయింపులు ఉంటాయి. గుత్తేదారుని అధీనంలో ఉన్న వస్తువుకు, అంటే అతడు పనిచేస్తున్న గోడకు, తలుపుకు కలిగే నష్టం ఒకటి. పని నాణ్యత లోపం రెండవది. ఆరు నెలలకే రంగు పొరలుగా ఊడితే మళ్ళీ వేసే ఖర్చు గుత్తేదారునిదే. పనితనానికి ఎవరూ బీమా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

6. సరుకు, తుఫాను, తక్కువ విలువ

గిడ్డంగిలోని డబ్బాలకు, స్ప్రే యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఉంది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలకు మించని వ్యాపారాలకు ఇది వర్తిస్తుంది. అగ్నితోపాటు తుఫాను, వరద కూడా ఇందులో ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన విశాఖపట్నంలో వ్యాపారం చేసేవారికి ఈ మాటల విలువ వివరించనక్కరలేదు.

విలువ తగ్గించి రాయించడం వల్ల వచ్చే చిక్కు మాత్రం వివరించాలి. 10 లక్షల సరుకుకు 6 లక్షలకే బీమా చేయించి 3 లక్షల సరుకు తడిసిపోతే చేతికి వచ్చేది 3 లక్షలు కాదు. 10లో 6 వంతుల నిష్పత్తిలో 1,80,000 మాత్రమే. తేడా 15 శాతం లోపు ఉంటే ఈ పాలసీలో పట్టించుకోరు.

7. కార్డు, పథకం, పాలసీ

‘అందరికీ లేబర్ కార్డులు ఉన్నాయి, ఇంక బీమా దేనికి’ అనేవారూ ఉన్నారు. ఆ కార్డు 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం కింద ఏర్పడిన సంక్షేమ మండలి ఇచ్చేది. దాని ద్వారా అందే సాయం నిర్మాణ వ్యయం మీద వసూలు చేసే సెస్సు నుంచి వస్తుంది. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 2 లక్షలిచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కార్మికుని సొంత బీమా. ఈ రెండూ కార్మికునికి దక్కేవి. యజమాని చెల్లించవలసిన 15,59,850లో ఇవి ఒక్క రూపాయిని కూడా తగ్గించవు.