మీకు తెలుసా? టేకు బల్ల వానాకాలంలో వెడల్పవుతుంది!

మేడ్చల్, శామీర్‌పేటల్లో మే మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతానికి అటూఇటూగా పడిపోతుంది. ఆగస్టుకల్లా 70 దాటుతుంది. ఈ తేడాకు మూడడుగుల వెడల్పున్న టేకు బల్ల కొన్ని మిల్లీమీటర్లు పెరిగి తగ్గగలదు. పొడవు మాత్రం దాదాపు మారదు. అందుకే పైపలకను కింది చట్రానికి జిగురుతో అంటించకూడదు. మరలకు కోల బెజ్జాలు తీసి, కదిలే చోటివ్వాలి.

పైభాగంలో పలకను పలకకు మాత్రం జిగురుతోనే అతకాలి. అంచులు సరిగ్గా కుదిరితే జిగురు అతుకు చెక్కకన్నా గట్టిది. బలంగా విరిస్తే పక్కనున్న చెక్కే చీలుతుంది. అసలు పనితనం చిత్రిక పట్టడంలో ఉంది. పక్కపక్కన రావలసిన రెండు పలకలను పుస్తకంలా మూసి, రెండంచులనూ కలిపి ఒకేసారి చిత్రిక పట్టాలి. చిత్రిక కాస్త వాలినా ఒక అంచు వాలు రెండోదానితో సరిపోతుంది, బల్ల చదునుగా వస్తుంది. ఎంత చక్కని ఉపాయం! తర్వాత అంచు మీద అంచు నిలిపి, వెనక దీపం పెట్టి చూడాలి. చివర్లలో వెలుగు కనబడితే మళ్లీ పట్టాల్సిందే. నడుమ వెంట్రుకవాసి సందుంటే మేలు, ఎందుకంటే చివర్లే ముందుగా ఎండి కుంచించుకుపోతాయి.

టేకులో సహజంగా నూనె ఉంటుంది. అది అంచు మీదికి ఊరితే జిగురు సరిగ్గా పట్టదు. అందుకే చిత్రిక పట్టిన రోజే జిగురు పెట్టమని మీ వడ్రంగికి చెప్పండి.