స్కూల్ మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు వెళ్తుంది?



హాజరు, ఫీజు రసీదు, పరీక్షల టైమ్‌టేబుల్... ఇప్పుడు చాలా స్కూళ్లు ఇవన్నీ ఈమెయిల్‌లో పంపుతున్నాయి. వీటిని ఎవరో కూర్చుని ఒక్కొక్కటిగా పంపరు. సర్వర్‌లోని చిన్న ప్రోగ్రామ్ తనంతట తానే పంపుతుంది. చౌటుప్పల్ చుట్టుపక్కల కంపెనీల్లో షిఫ్టు డ్యూటీ చేసేవారికి, పిల్లవాడు ఈ రోజు స్కూల్‌కు రాలేదన్న సంగతి ఆ మెయిల్‌తోనే తెలియవచ్చు. అది స్పామ్‌లో పడితే సాయంత్రం దాకా తెలియదు.

అలా పడడానికి ఒక ముఖ్య కారణం సర్వర్ పేరు. మెయిల్ ఇచ్చే సర్వర్, తీసుకునే సర్వర్‌కు ముందుగా ‘హెలో’ అని తన పేరు చెప్పాలి. 1982 నాటి ఈమెయిల్ నియమాల నుంచీ ఇదే పద్ధతి. ఆ పేరే హోస్ట్‌నేమ్. సరైన పేరు పెట్టకపోతే సర్వర్ ‘లోకల్‌హోస్ట్’ అని చెప్పవచ్చు. ప్రతి కంప్యూటర్ తనను తాను పిలుచుకునే పేరు అది. ఎవరని అడిగితే “నేనే” అన్నట్టు!

పేరు చెప్తే సరిపోదు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకటేనా అని ఆఫీసుల్లో చూసినట్టే ఇక్కడా సరిచూస్తారు. అందుకే స్కూల్ వైపు మూడు పనులు జరగాలి:

1. సర్వర్‌కు స్కూల్ వెబ్‌సైట్ పేరుతో కలిపి పూర్తి హోస్ట్‌నేమ్ పెట్టాలి.

2. ఆ పేరు వెతికితే సర్వర్ ఐపీ నంబర్ రావాలి, ఆ నంబర్ వెతికితే అదే పేరు రావాలి. ఈ రెండోదే రివర్స్ డీఎన్‌ఎస్. నంబర్ ఇచ్చిన కంపెనీ ద్వారా దీన్ని పెట్టించుకోవాలి.

3. స్కూల్ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ అనే జాబితాలో రాయాలి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ తరహా నియమాలను గట్టిగా అమలు చేస్తోంది. దానికి కారణం ఉంది. పంపినవారి పేరు దగ్గర ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. మోసగాళ్లు స్కూల్ పేరుతో ఫీజు లింక్ పంపినా చూడడానికి అలాగే ఉంటుంది.

మీరు చేయవలసినవి:

• వారానికోసారి స్పామ్ ఫోల్డర్ చూడండి.

• మెయిల్ అడ్రస్‌లో ‘ఎట్’ గుర్తు తర్వాత స్కూల్ ఇచ్చిన పేరే ఉందో లేదో అక్షరం అక్షరం చూసి, ఉంటేనే ‘నాట్ స్పామ్’ నొక్కండి. ఆ అడ్రస్‌ను కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకోండి.

• అడ్రస్ సరిపోయినా సరే, డబ్బు అడిగితే లింక్ నొక్కకుండా ముందు స్కూల్ ఆఫీసుకు ఫోన్ చేయండి.

• రావలసిన మెయిల్ స్పామ్‌లోనూ లేకపోతే క్లాస్ టీచర్‌కు చెప్పండి. మీరు చెప్తేనే లోపం సర్వర్‌లో ఉందేమో చూడగలం.