ఎఫ్/8 మీద పడ్డ నింద

సూళ్లూరుపేట నుంచి ఒక పాఠకుడు రాశారు: "నేలపట్టు పక్షుల అభయారణ్యం మాకు దగ్గరే. గూడబాతులను ఫోటో తీయాలని కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 జూమ్ లెన్సు చూశాను. బరువు 635 గ్రాములేనట. మా స్నేహితుడు మాత్రం 'ఎఫ్/8 లెన్సా? దానికి ఆటోఫోకస్ కూడా పడదు, డబ్బు దండగ' అంటున్నాడు. నిజమేనా?"

నిజం కాదు. అయితే ఆ స్నేహితుణ్ణి నేను తిట్టలేను. పదిహేనేళ్ల కిందట నేనూ ఇదే మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పి తిరిగాను.

ముందు చిన్న లెక్క. నాభ్యంతరాన్ని ఎఫ్ పక్క అంకెతో భాగిస్తే లెన్సు నోరు ఎంత వెడల్పో తెలుస్తుంది. 400ను 8తో భాగిస్తే 50 మిల్లీమీటర్లు. అదే 400 మి.మీ. లెన్సు ఎఫ్/2.8 అయితే 143. అంత వెడల్పు గాజు పెట్టిన కెనాన్ లెన్సు 2,890 గ్రాములు తూగుతుంది. 2021లో అమెరికాలో దాని ధర 11,999 డాలర్లు. అదే ఏడాది వచ్చిన మన చిన్న జూమ్ 649 డాలర్లు. నోరు చిన్నది, గాజు తక్కువ. తేలికతనం వెనక ఉన్నది చాలావరకు ఇంతే. నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న వేరే ఉంది: ఇంత సులువైన పనిని ఆటోఫోకస్ వచ్చాక మూడు దశాబ్దాలపాటు దాదాపు ఎవరూ ఎందుకు చేయలేదు?

జవాబు పాత కెమెరాల అడుగున ఉండేది.

చూపుడు వేలు ముఖానికి ఎదురుగా పెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వెనకున్న గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. కళ్ల మధ్య ఎడం వల్ల వచ్చిన గెంతు అది. ఫోకస్ పట్టడానికి కెమెరా కూడా ఇదే చేస్తుంది. లెన్సు ఎడమ పక్క నుంచి వచ్చిన కాంతితో ఒక బొమ్మ, కుడి పక్క నుంచి వచ్చిన కాంతితో ఇంకో బొమ్మ. ఫోకస్ కుదిరితే రెండూ సరిపోతాయి, తప్పితే పక్కకు జరుగుతాయి. ఎటు జరిగాయో, ఎంత జరిగాయో చూస్తే లెన్సును ఎటు, ఎంత కదపాలో ఒక్క చూపులో తేలిపోతుంది. చీకట్లో స్విచ్ కోసం గోడంతా తడుముకున్నట్టు వెతకనక్కర్లేదు. ఎగిరే కొంగ మీద ఫోకస్ నిలిచేది ఇందుకే.

డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో పెద్ద అద్దం తన మధ్యభాగం గుండా కొంత కాంతిని వెనక్కి వదిలేది. దాని వెనకున్న చిన్న అద్దం ఆ కాంతిని కెమెరా అడుగుకు దించేది. అక్కడ జంట బుల్లి కటకాలు, రెండు కిటికీల్లా, లెన్సు నోటిలో రెండు నిర్ణీత చోట్లనే చూస్తూ ఉండేవి. ఎక్కువ కెమెరాల్లో ఆ చోట్లు ఎఫ్/5.6 వలయం అంచుకు సరిపోయేలా బిగించారు. 400 మి.మీ. లెన్సుకు ఆ వలయం 71 మిల్లీమీటర్లు. మరి లెన్సు నోరే 50 అయితే? కిటికీ ఎదురుగా గోడ కట్టేసినట్టే. కెమెరాకు లెన్సు లోపలి నల్లరంగు తప్ప ఏమీ కనబడదు.

దీన్ని మేమంతా భౌతికశాస్త్ర నియమం అనుకున్నాం. అది కిటికీ ఎక్కడ పెట్టాలన్న మేస్త్రీ నిర్ణయం మాత్రమే. ఆధారాలు కళ్లెదుటే ఉన్నాయి. 1989లోనే మినోల్టా 500 మి.మీ. ఎఫ్/8 అద్దాల లెన్సును ఆటోఫోకస్‌తో అమ్మింది. 2013లో కెనాన్ 5డీ మార్క్ 3 కెమెరాకు ఒక సాఫ్ట్‌వేర్ ఇస్తే, ఒక్క మర కూడా విప్పకుండానే దాని మధ్య బిందువు ఎఫ్/8లో పనిచేయడం మొదలుపెట్టింది. కొన్ని ఎఫ్/6.3 లెన్సులైతే "నేను ఎఫ్/5.6నే" అని కెమెరాకు అబద్ధం చెప్పేవి. పాపం, అది నమ్మేది. ఫోటోలు బాగానే వచ్చేవి. అయినా మా బుర్రలకు ఎక్కలేదు.

ఈ చరిత్రలో పొరబడ్డ పెద్దవాళ్లూ ఉన్నారు. 1976లో ఫోటోకినా ప్రదర్శనలో ఆటోఫోకస్ నమూనా చూపించిన లైకా దాన్ని బజారులోకి తేలేదు. మరుసటి ఏడాదే హనీవెల్ కంపెనీ ఆటోఫోకస్ పరికరం పెట్టుకుని కోనికా కెమెరా అంగళ్లకొచ్చింది. 1985లో మినోల్టా 7000తో ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్ ప్రపంచాన్ని ఊపేసింది. పేటెంట్ల గొడవలో 1992లో అదే మినోల్టా హనీవెల్‌కు 12.75 కోట్ల డాలర్లు కట్టుకుంది.

ఇక నాకు ఇష్టమైన ఘట్టం. 2013లో కెనాన్ 70డీ సెన్సార్‌లో ప్రతి పిక్సెల్‌నూ నిలువునా రెండు చేశారు. పిక్సెల్ నెత్తిన ఉన్న బుల్లి కటకం లెన్సు ఎడమ పక్క కాంతిని ఒక సగానికి, కుడి పక్క కాంతిని రెండో సగానికి పంచుతుంది. అంటే 2.02 కోట్ల పిక్సెళ్లకు తలా రెండు కళ్లు. అడుగున కిటికీలు అక్కర్లేదు, చివరికి మిర్రర్‌లెస్ కెమెరాల్లో అద్దమే పోయింది. ఈ కళ్లు ఎక్కడా బిగించినవి కావు. లెన్సు నోరు చిన్నదైతే అవి దగ్గరకు జరుగుతాయి తప్ప గుడ్డివి కావు. 50 మి.మీ. నోటిని రెండు అర్ధచంద్రాలు చేస్తే వాటి కేంద్రాల మధ్య ఎడం ఇంకా 21 మిల్లీమీటర్లు ఉంటుంది.

ఎడం తగ్గితే కొలత మోటుబారదా? బారుతుంది. కానీ నోరు చిన్నదయ్యే కొద్దీ ఫోకస్ తప్పినప్పటి మసక కూడా అంతే తగ్గుతుంది. ఎడం సగమైతే మసకా సగమే. కొలబద్ద ఎంత మోటుబారిందో, తప్పును ఫోటో అంత క్షమిస్తుంది. ఈ రెండూ ఒకే లెక్కన కలిసి దిగుతాయని అర్థమైన రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతోనే. 2018లో వచ్చిన ఈఓఎస్ ఆర్ ఎఫ్/11లోనూ ఫోకస్ పట్టింది. లెన్సుల వాళ్లకు సంకెళ్లు తెగాయి.

వివర్తనం, అంటే చిన్న నోటి గుండా వచ్చేటప్పుడు కాంతి చెదరడం, మాటేమిటని కొందరు అడుగుతారు. ఎఫ్/8 దగ్గర ఆకుపచ్చ కాంతి చుక్క సుమారు 10.7 మైక్రాన్లు. ఆ మేరకు పదును కొంత పోతుంది. మధ్యాహ్నం చెరువు మీద ఎండ సెగ చేసే పాడు ముందు అదెంత!

వాడకం గురించి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఎఫ్/2.8తో పోలిస్తే సెన్సార్ మీద పడే వెలుగు ఎనిమిదో వంతు. పక్షులు చురుగ్గా ఉండే తెల్లవారుజామున ఐఎస్‌ఓ 6400 దాకా పోక తప్పదు. ఫోటోలో కనబడే ఇసుకను భరించాలి. మాకేమో ఫోకస్ సిద్ధాంతం కుదిరింది, సూర్యుడు మాత్రం తన వేళకే లేస్తాడు. 400 దగ్గర, వీలైనంత సమీపం నుంచి తీస్తే బొమ్మ అసలు పరిమాణంలో 0.41 వంతు వస్తుంది కనుక, పక్షులు మొహం చాటేసిన రోజున తూనీగల మీద పడవచ్చు.

కాబట్టి సూళ్లూరుపేట మిత్రమా, మీది ఆర్‌ఎఫ్ లెన్సులు తగిలే కెనాన్ మిర్రర్‌లెస్ కెమెరా అయితే కొనండి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఈ లెన్సు దానికి తగలనే తగలదు. నేలపట్టుకు పక్షులు వచ్చేది ఈశాన్య రుతుపవనాలతోపాటే; ఈ లెన్సుకు వానను ఆపే సీలు లేదు, సంచిలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. ఎండ పడకుండా ముందు తొడిగే హుడ్ కూడా పెట్టెలో రాదు, విడిగా కొనాలి.