కొండ సరస్సుకు పోవువారి సంచిలో శొంఠి, కర్పూరము

వేసవి సెలవులనగానే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల ఇండ్లలో పూర్వము అమ్మమ్మగారి ఊరి ముచ్చటే వినబడెడిది. ఇప్పుడు వీపున సంచి తగిలించుకొని హిమాలయములకు పోవు యువకులును, వారి వెంట తల్లిదండ్రులును బయలుదేరుచున్నారు. సంతోషింపదగిన మార్పే. బదరీనాథ యాత్రకు పోవువారు కొందరు దారిలో గోవింద్‌ఘాట్ వద్ద ఆగి, దేవదారు అడవుల దారిన ఘాంఘరియా చేరి, అచటినుండి పూలలోయను, హేమకుండ సరస్సును చూచి వచ్చుచున్నారు. సరస్సు ఒడ్డున సిక్కుల గురుద్వారముతోబాటు లక్ష్మణుని గుడియు కలదు. జూన్ మొదటి దినములలో పోయినచో సరస్సుపై మంచు ఇంకను కరగక కనబడును.

మన హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. గోవింద్‌ఘాట్ 1,800, ఘాంఘరియా 3,000, హేమకుండము 4,300 మీటర్లకు అటు ఇటు. ఆ సరస్సు వద్ద గాలి పీడనము సముద్రతీరమందలి దానిలో అరవై శాతము మాత్రమే. కనుక గృహిణి సంచిలో సర్దు వస్తువులలో ఏది ఎంతవరకు పనికివచ్చునో ముందే తెలిసికొనుట ప్రాణావసరము.

మొదట అభ్యాసము. బలవంతుడు సహితము తన శక్తిలో సగము మేరకే, అదియు శీతకాల వసంతములందు వ్యాయామము చేయవలెననియు, తక్కిన ఋతువులందు ఇంకను తగ్గించవలెననియు వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పెను. కావున ఏప్రిల్ ఎండలలో హడావిడిగా పరుగులు తీయుట శాస్త్రసమ్మతము కాదు. సంక్రాంతి వెళ్ళిన నాటినుండి సరూర్‌నగర్ చెరువు వైపు ఉదయపు నడక ప్రారంభించి, నెల గడచిన పిదప నీళ్ళసీసాలు నింపిన సంచిని వీపున వేసికొని మెట్రో స్టేషను మెట్లు ఎక్కి దిగవలెను. ఎస్కలేటరు ఉన్నది కదా యందురేమో. దానిని మోకాళ్ళ నొప్పులవారికి విడువుడు. అయితే ఈ అభ్యాసము కాళ్ళను, గుండెను సిద్ధపరచునే గాని పలుచని గాలికి శరీరమును అలవాటు చేయజాలదు. కండబలము గలవానికి కొండజబ్బు రాదనుకొనుట భ్రమ.

ఆహార విషయమున మన వంటయింటికి సాటి లేదు. వేరుశనగ పట్టీలు, సున్నుండలు, పేలపిండి, కందిపొడి బరువు తక్కువ, బలమెక్కువ. విరేచనములైనచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలగొట్టి కలిపి కొద్దికొద్దిగా త్రాగించవలెను. రాత్రి పడుకొనబోవు ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించినచో బడలిక తీరి సుఖనిద్ర కలుగును. బొబ్బలెక్కినచో సూదితో పొడువరాదు. కొత్త బూట్లు కొండపై మొదటిసారి తొడుగరాదు. మంచుపై ఎండ కన్నులను దెబ్బతీయును. దానికి కాటుక చాలదు, నల్లకద్దములే కావలెను.

ఇంకొక మాట. కటుకరోహిణి, జటామాంసి, అతివస మున్నగు మన ఔషధులు హిమాలయముల ఎత్తులందే పెరుగును. జటామాంసి నేడు అంతరించు ప్రమాదమున ఉన్నది. అతివసయు, ఘోరవిషమైన వత్సనాభియు ఒకే కుటుంబపు మొక్కలు. పూలలోయ 1982లో జాతీయోద్యానమైనది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినది. అచట ఆకు త్రుంచుట నిషిద్ధము. తెలియని వేరును నోట వేసికొనుట ప్రాణాంతకము.

ఇక అసలు విషయము. రెండువేల అయిదువందల మీటర్లు దాటిన పిదప కొన్ని గంటలలో తలనొప్పి, వికారము, ఆకలి మందగించుట, నిద్ర పట్టకుండుట మొదలైనచో అది కొండజబ్బని భావింపవలెను. అజీర్ణమని సరిపెట్టుకొనరాదు. శొంఠి కషాయము వికారమును తగ్గించును, నిజమే. ఆ మేలే ఒక్కొక్కప్పుడు కీడగును, ఏలనన వాంతి ఆగినదని రోగి ఇంకను పైకెక్కును. వెల్లుల్లి చారు కొండ గ్రామములందు వాడుక; వేడిగా త్రాగుటకు బాగుండును, కొండజబ్బును ఆపునని ఋజువు కాలేదు. కర్పూరపు మూట సంగతి మరియు దారుణము. 2021లో కోవిడ్ విజృంభించిన దినములలో కర్పూరము, వాము, లవంగము మూటకట్టి వాసన చూచినచో రక్తమున ప్రాణవాయువు పెరుగునని ప్రచారమైనది. దానికి ఆధారము లేదు. ముక్కు తెరచుకొనినట్లు తోచును, అంతే. పసిపిల్లలు కర్పూరమును మ్రింగినచో మూర్ఛలు వచ్చును. కావున దానిని సంచిలో పెట్టకుండుటయే మేలు.

కొండజబ్బుకు మొదటి మందు ఆగుట. తలనొప్పి తగ్గువరకు పైకి పోరాదు. కూర్చుండినను ఆయాసము, దగ్గు, తూలుచు నడచుట, మాట తడబడుట కనబడినచో రాత్రియైనను ఆ క్షణమే క్రిందికి దింపవలెను. అసిటజోలమైడ్ అను మాత్రను వైద్యుని సలహాపై ముందుగా వాడవచ్చును; సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులున్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేక ఈ ప్రయాణము తలపెట్టరాదు.

ఘాంఘరియా చేరిన మరునాడే హేమకుండమునకు పరుగెత్తక, ఆ దినము పూలలోయలో మెల్లగా తిరిగి, రాత్రి మరల ఘాంఘరియాలోనే నిదురించి, మూడవనాడు సరస్సుకు పోవుట మంచిది. ఆ ఎక్కుడు ఆరు కిలోమీటర్లే, అయినను ఎత్తు 1,200 మీటర్లకు పైబడి పెరుగును. సరస్సు వద్ద రాత్రి బసకు అనుమతి లేదు. మధ్యాహ్నమే దిగుట ఆరంభింపవలెను. జబ్బుపడినవారిని ఒంటరిగా దింపరాదు. వారి వెంట సరస్సును చూడకయే వెనుదిరుగువారెవరో ఇంటివద్ద సంచి సర్దునాడే నిర్ణయించుకొనవలెను.