బాతులకు, పెరటి కోళ్ళకు వచ్చే అరికాలి గడ్డ

మన సంఘాల సభ్యులలో చాలామందికి గేదెల కొట్టం పక్కనే నాలుగు కోళ్ళు, ఒక జత బాతులు కూడా ఉంటాయి. గేదె కుంటితే వెంటనే డాక్టరుగారిని పిలిపించే మనం, కోడి కుంటితే ముల్లు గుచ్చుకుని ఉంటుందిలే అని ఊరుకుంటాము. ఆ కుంటు ఎంతవరకు పోతుందో, పాలకు దానితో ఏమి సంబంధమో ఇక్కడ వివరిస్తున్నాము.

పాదం అడుగున చర్మం గీసుకుపోయినపుడు ఆ సందులోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. వీటిలో ముఖ్యమైనది స్టెఫిలోకాకస్ ఆరియస్. మొదట అరికాలు ఎర్రబడి మందమౌతుంది. తరువాత వాపు, నడుమ నల్లని పక్కు కనిపిస్తాయి. పక్షి ఒంటికాలిమీద నిలబడుతుంది, మేతకు రాదు, గుడ్లు తగ్గుతాయి. గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. పక్షుల చీము పశువుల చీములాగా కారదు, జున్నుముక్కలా గట్టిపడుతుంది. అందుచేత సూదితో పొడిచి పిండితే ఏమీ రాదు, కొత్త గాయం మిగులుతుంది.

అసలు కారణం చాలాసార్లు నేలలోనే ఉంటుంది. లాలాపేటలోని విజయ డెయిరీ నుండి తార్నాక దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం వైపు వెళితే అంతా గ్రానైటు రాతి నేల, గరుకు మొరం. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ కట్టినదీ గ్రానైటుతోనే. కట్టడానికి మేలైన రాయే, కోడి పాదానికి మాత్రం కాదు. జంటనగరాల చుట్టుపక్కల మన సభ్యుల పెరళ్ళలోనూ చాలాచోట్ల ఇదే నేల. దానికితోడు ఎత్తయిన దండెం మీదనుంచి బరువైన కోడి రోజూ దూకితే పాదం నలుగుతుంది. బాతుల పాదాలు మరీ మెత్తన. నీళ్ళతొట్టి చుట్టూ పెంట, బురద కలిసిన చోట రోజంతా నిలబడితే చర్మం నాని చిట్లుతుంది.

మేత లోపం కూడా ఒక కారణమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో దేశంలో పిల్లలకు విటమిన్ ఏ మోతాదులిచ్చే పథకం మొదలైంది. ఆ విటమిన్ తక్కువైతే పక్షుల చర్మమూ బలహీనపడుతుంది. నూకలు మాత్రమే వేయక మునగాకు, తోటకూర తరిగి వేయండి.

వాపు కొద్దిగా ఉన్నపుడు ఇంటివద్దనే చూసుకోవచ్చు. పాదాన్ని సబ్బుతో కడిగి, లీటరు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెంచాల ఎప్సం ఉప్పు కలిపి పావుగంట నానబెట్టండి. తడి బాగా తుడిచి, పోవిడోన్ అయోడిన్ రాసి, దూది పెట్టి గుడ్డపట్టీ వదులుగా చుట్టండి. వేళ్ళు వాచినా, చల్లబడినా కట్టు బిగిసిందన్నమాట. రోజూ కట్టు మార్చాలి. బాతును కట్టు విప్పినపుడే నీటిలోకి వదలండి, మిగతా వేళ పొడి గడ్డిమీద ఉంచండి. జిల్లేడు పాలు పోయడం, వాత పెట్టడం వద్దేవద్దు.

వారంలో తగ్గకపోయినా, వాపు గట్టిపడినా, కీలుకు ఎక్కినా పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. లోపలి గడ్డను కోసి తీయడం వారి పని. ఆంటీబయోటిక్ ఇస్తే ఎన్నిరోజులు గుడ్లు తినకూడదో అడిగి తెలుసుకోండి. కుంటుకు వేరే కారణాలూ ఉంటాయి. కాళ్ళమీది పొలుసులు లేచి గరుకుగా ఉంటే అది పిడుదులవంటి సూక్ష్మ పురుగుల పని. మంద అంతటికీ కాళ్ళు పడిపోతే ఆలస్యం చేయకండి.

మందు ఎంత వేసినా నేల మార్చనిదే గడ్డ తిరగబెడుతుంది. కోళ్ళగూటిలో రెండుమూడంగుళాల ఊక పరచి, తడిసినప్పుడల్లా మార్చండి. దండెం రెండడుగుల ఎత్తు మించకుండా, అంచులు నునుపుగా ఉండాలి. తొట్టికింద ఇసుక పోస్తే నీరు ఇంకిపోతుంది.

ఇక పాల సంగతి. ఈ స్టెఫిలోకాకస్ జాతి క్రిమే గేదెకు పొదుగువాపు కూడా తెస్తుంది. పాలలో అది పెరిగితే విడుదలచేసే విషం కాచినా పోదు, తాగినవారికి వాంతులౌతాయి. కాబట్టి పాలు పితికి, క్యాను సంఘానికి పంపిన తరువాతనే పక్షుల కాళ్ళు పట్టండి. పని కాగానే మోచేతులదాకా సబ్బుతో కడుక్కోండి. పొదుగు తుడిచే గుడ్డ దీనికి వాడరాదు. విప్పిన పట్టీలను పెంటకుప్పలో పారవేయక కాల్చివేయండి.