ట్రాన్సమ్ డ్రెయిన్ గొట్టం

పడవ వెనుక భాగాన్ని మూసివేసే నిలువు పలకను ట్రాన్సమ్ అంటారు. పడవలో చేరిన నీరు బయటకు పోవడానికి ఈ పలక అడుగున ఒక రంధ్రం చేసి, అందులో అమర్చే చిన్న లోహపు లేదా ప్లాస్టిక్ గొట్టమే ట్రాన్సమ్ డ్రెయిన్ గొట్టం. పడవ నీటిలో ఉన్నప్పుడు దీనిని బిరడాతో మూసి ఉంచుతారు. పడవను ఒడ్డుకు చేర్చి ట్రైలరు మీదకు ఎక్కించిన తరువాత బిరడా తీసి నీటిని వదిలివేస్తారు. వెనుక వైపు మోటారు బిగించే చిన్న ఫైబర్‌గ్లాస్ పడవలలో ఈ ఏర్పాటు ఎక్కువగా కనిపిస్తుంది. గొట్టం ఖరీదు స్వల్పమే అయినా, అది పాడైతే కలిగే నష్టం ట్రాన్సమ్ మొత్తానికి వ్యాపిస్తుంది.

నిర్మాణం

చాలా ఫైబర్‌గ్లాస్ పడవలలో ట్రాన్సమ్ రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంచి తయారు చేయబడుతుంది. మోటారు బరువును, దాని తోపును భరించేది ఈ ప్లైవుడ్డే. రంధ్రం చేసినప్పుడు ప్లైవుడ్ అంచులు బయటపడతాయి. అందువలన గొట్టానికి రెండు పనులు ఉన్నాయి: నీటికి దారి ఇవ్వడం, ఆ నీరు ప్లైవుడ్‌కు తగలకుండా కాపాడడం.

గొట్టాలను ఎక్కువగా ఇత్తడితో చేస్తారు. ఒక అంగుళం (సుమారు 25 మి.మీ.) వ్యాసం గలవి విరివిగా దొరుకుతాయి. గొట్టం ఒక చివర అంచు ముందుగానే వెడల్పు చేయబడి ఉంటుంది. రెండవ చివరను అమర్చిన తరువాత పనిముట్టుతో బయటకు మడుస్తారు. అంచుల కింద రబ్బరు వలయం గానీ, సీలెంటు గానీ ఉంటుంది.

రెండు రకాల లీకులు

మొదటిది బిరడా వద్ద కలిగే లీకు. బిరడా పెట్టడం మరచిపోయినా, దాని రబ్బరు పగిలినా నీరు నేరుగా పడవలోకి వస్తుంది. టారిసెల్లీ సూత్రం ప్రకారం, నీటిమట్టానికి 30 సెం.మీ. లోతున ఉన్న రంధ్రం నుండి నీరు సెకనుకు సుమారు 2.4 మీటర్ల వేగంతో చొచ్చుకువస్తుంది. రంధ్రం వ్యాసం ఒక అంగుళమైతే, ధార సన్నబడడాన్ని లెక్కలోకి తీసుకున్నా, తొలి దశలో నిమిషానికి 40 లీటర్లకు పైగా నీరు చేరుతుంది. అంటే నిమిషానికి 40 కిలోల బరువు పెరిగినట్లే.

రెండవది గొట్టానికి వెలుపల, దానికీ ప్లైవుడ్‌కూ మధ్య కలిగే లీకు. పడవలో నీరు పెద్దగా కనిపించదు కనుక దీనిని ఎవరూ పట్టించుకోరు. అయితే ఎక్కువ నష్టం కలిగించేది ఇదే. తేమ 20 శాతం లోపు ఉన్న చెక్కలో కుళ్ళు కలిగించే శిలీంధ్రాలు పెరగలేవు. చెక్క తడిసి తేమ 30 శాతం దాటి నిలిచిపోతే అవి వృద్ధి చెందుతాయి. శీతల దేశాలలో ఈ నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం వ్యాకోచించడం వలన ప్లైవుడ్ పొరలు విడిపోతాయి.

కారణాలు

ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. ఉప్పునీటిలో జింకు క్రమంగా కరిగిపోయి, రంధ్రాలతో కూడిన బలహీనమైన రాగి మిగులుతుంది. ఇత్తడి పసుపు రంగు పోయి ఎర్రబారడం దీనికి గుర్తు. ప్లాస్టిక్ గొట్టాలు ఎండకు పెళుసుబారి పగులుతాయి. సీలెంటు వయసు మీరి ఊడిపోవడం మరొక కారణం.

పరీక్షించడం

పడవ ట్రైలరు మీద ఉండగా బిరడా బిగించి, లోపల కొద్దిగా నీరు పోసి వెనుక భాగాన్ని బయటి నుండి గమనించాలి. నీరు బిరడా నుండి కారితే బిరడా మార్చితే చాలు. గొట్టం అంచు చుట్టూ కారితే గొట్టాన్నే మార్చాలి. ట్రైలరు మోయగలిగిన బరువుకు మించి నీరు పోయరాదు.

మార్చే విధానం

1. గొట్టం ఒక వైపు అంచును ఆకురాయితో గానీ గ్రైండరుతో గానీ అరగదీసి, కొంచెం తక్కువ వ్యాసం గల కర్రతో రెండవ వైపుకు తట్టి తీయాలి.
2. రంధ్రంలోని చెక్కను పరిశీలించాలి. అది నల్లగా, మెత్తగా ఉంటే ట్రాన్సమ్ మరమ్మతు ముందు చేయాలి. కుళ్ళిన చెక్కలో కొత్త గొట్టం అమర్చితే లోపం మరుగున పడుతుందే గానీ తొలగదు.
3. చెక్క గట్టిగా ఉన్నా, పూర్తిగా ఆరనిచ్చి, రంధ్రం గోడలకు ఎపాక్సీని పలుమార్లు పూయాలి. రంధ్రాన్ని పెద్దది చేసి, చిక్కని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడిన తరువాత మరల రంధ్రం చేయడం ఇంకా మేలైన పద్ధతి. ఇలా చేస్తే గొట్టం చెడినా నీరు చెక్కను చేరదు.
4. గొట్టాన్ని ట్రాన్సమ్ మందం కంటే 3 నుండి 5 మి.మీ. ఎక్కువ పొడవుగా కోయాలి.
5. గొట్టం వెలుపలి భాగానికి, అంచుల కిందకు నీటి అడుగున పనిచేసే పాలీయురేథేన్ సీలెంటు పూసి అమర్చాలి. సిలికోన్ వాడితే దాని జిడ్డు పొర మిగిలి, తరువాత పూసే సీలెంటు అంటుకోదు.
6. మర బోల్టుతో బిగించే పనిముట్టుతో రెండవ చివరను నెమ్మదిగా మడవాలి. సుత్తితో కొడితే ఇత్తడి చీలవచ్చు. గొట్టాన్ని అమర్చక ముందే ఆ చివరను మసక ఎరుపు వచ్చేవరకు వేడిచేసి చల్లార్చితే లోహం మెత్తబడుతుంది.
7. సీలెంటు పూర్తిగా గట్టిపడే వరకు పడవను నీటిలోకి దించరాదు. రకాన్ని బట్టి దీనికి వారం వరకు పట్టవచ్చు.

నివారణ

ఏటా ఒకసారి గొట్టం అంచులను, రంగును పరిశీలించాలి. ఉప్పునీటిలో తిరిగిన పడవను మంచినీటితో కడగాలి. పడవను నిలిపి ఉంచినప్పుడు ముందు భాగాన్ని కొద్దిగా ఎత్తి, బిరడా తీసి ఉంచితే వాననీరు నిలవదు. అదనపు బిరడా ఒకటి పడవలోనే ఉంచుకోవాలి.

బిరడా, జలాశయాల రక్షణ

పడవలో మిగిలిన నీటితో పాటు జలచరాలు కూడా ఒక సరస్సు నుండి మరొక సరస్సుకు చేరతాయి. నల్ల సముద్రం, కాస్పియన్ సముద్ర ప్రాంతాలకు చెందిన జీబ్రా ఆల్చిప్పలను ఉత్తర అమెరికా మహా సరస్సుల ప్రాంతంలో 1988లో కనుగొన్నారు. ఇటువంటి జీవుల వ్యాప్తిని అరికట్టడానికి, రోడ్డు మీద పడవను తరలించేటప్పుడు బిరడా తీసి ఉంచాలని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర చట్టం నిర్దేశిస్తుంది. తీసిన బిరడాను పడవ తాళంచెవులతో కలిపి ఉంచితే, మరల నీటిలోకి దిగేముందు పెట్టడం మరచిపోయే అవకాశం తగ్గుతుంది.